వాకబు పైరవీగా మారిన దారి

ఉద్యోగానికి కాగితం పెట్టడం ఒక పని. పెట్టిన కాగితం ఏమైందో కనుక్కోవడం రెండో పని. మొదటిదాన్ని నేర్పడానికి పుస్తకాలున్నాయి, శిక్షణ కేంద్రాలున్నాయి. రెండోదాని గురించి రాసినవారు తక్కువ. అయినా ఆ రెండో పనికి తెలుగులో ఉన్న మాటలను వరసగా పేర్చి చూస్తే దాని చరిత్ర చాలావరకు బయటపడుతుంది. తనంతట తాను వెళ్ళి విచారించుకుంటే అది వాకబు. తెలిసినవారి చేత ఒక మాట చెప్పిస్తే సిఫారసు. వదలకుండా వెంటపడి, పైవాళ్ళను పట్టుకుని పని నడిపించుకుంటే పైరవీ. మూడింటిలో పైరవీకే చెడ్డపేరు ఎక్కువ. పారసీలో పుట్టినప్పుడు ఆ మాటకు ఏ మచ్చా లేదు. ‘పై’ అంటే అడుగు, ‘రవీ’ అంటే పోవడం. అడుగుజాడ పట్టి వెంట పోవడమే పైరవీ. కోర్టులో వేసిన వ్యాజ్యాన్ని మధ్యలో వదలకుండా నడిపించుకోవడాన్ని అలా అనేవారు. ఈనాటి ఆఫీసుల్లో ‘ఫాలోఅప్’ అంటున్నది అక్షరాలా అదే. మరి అంత మామూలు మాట తెలుగువాళ్ళ నోట దొడ్డిదారికి పేరుగా ఎందుకు మిగిలిపోయింది? జనం గుణం వల్ల అని చెప్పేవారున్నారు. నేనలా అనుకోను. వచ్చిన అర్జీకి జవాబు చెప్పే బాధ్యత ఎవరిదో రెండు వందల ఏళ్ళపాటు తేల్చకపోవడం వల్లే వాకబు పైరవీగా మారిందని నా వాదన. చిత్తూరు, తిరుపతి ప్రాంతపు గతంలో అందుకు కావలసినంత సాక్ష్యం ఉంది.

అర్జీ పెట్టే పద్ధతే లేనిచోట వాకబుకూ చోటుండదు. ఈ ప్రాంతంలో చాలా పనులు పుట్టుకతో దక్కేవి. తిరుమల ఆలయంలో అర్చకత్వం, ప్రసాదాల తయారీ వంటి సేవలు మిరాశీ కుటుంబాల చేతిలో ఉండేవి. ఊళ్ళో కరణీకం, మునసబుగిరీ తండ్రి తర్వాత కొడుక్కి వచ్చేవి. ఇదంతా ఏనాటి మాటో కాదు. వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దయింది 1984 జనవరిలో వచ్చిన ఆర్డినెన్సుతో. ఆలయ మిరాశీలను తీసేసిన చట్టం 1987 నాటిది, దాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది 1996లో. వారసత్వానికి వెలుపల, జీతం మీద, అర్జీ పెట్టుకుని చేరే కొలువు ఇక్కడ పెద్ద ఎత్తున మొదలైంది ఈస్టిండియా కంపెనీ కచేరీతోనే. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కంపెనీ వశమైంది. తర్వాత ఏర్పడిన ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరు కేంద్రమైంది. కలెక్టరు కచేరీ, తాలూకా కచేరీలు, కోర్టు వచ్చాయి. 1843లో హథీరాంజీ మఠం మహంతుకు అప్పగించేదాకా తిరుమల ఆలయ ఆదాయవ్యయాలు కూడా కంపెనీ ఉద్యోగుల కనుసన్నల్లోనే నడిచాయి. ఇన్నింటికీ రాయసగాళ్ళు, గుమాస్తాలు, జవాన్లు కావలసి వచ్చారు. నవాబు పోయినా నవాబు దఫ్తరపు మాటలు పోలేదు. కచేరీ, అర్జీ, దరఖాస్తు, సిఫారసు, పైరవీ అన్నీ కొత్త దొరల కింద కూడా అలాగే చెల్లాయి. వాటితోపాటు ఇంకొక మాట చెల్లింది, ఉమేదువారు. ఈ కథకు మూలపురుషుడు అతనే.

ఉమేదు అంటే ఆశ. ఉమేదువారు అంటే కొలువు దొరుకుతుందన్న ఆశతో ఉన్నవాడు. ఆ ఆశను అతను ఇంట్లో కూర్చుని పెట్టుకునేవాడు కాదు. రోజూ కచేరీకి వచ్చి, జీతం లేకుండా నకళ్ళు రాసి, లెక్కలు కూడి, శిరస్తాదారు చెప్పిన పనల్లా చేసి, ఎవరైనా చనిపోయో మానుకునో ఖాళీ పడితే అందులో దూరేవాడు. ఇంగ్లీషు కాగితాల్లో ఇతన్ని వాలంటీరు అన్నారు. మద్రాసు రాజధానిలో పెద్దపెద్దవాళ్ళే ఇలా మొదలయ్యారు. 1830లో మద్రాసు నుంచి తిరుపతి మీదుగా కాశీకి వెళ్ళి తన యాత్రను గ్రంథంగా మిగిల్చిన ఏనుగుల వీరాస్వామయ్య, మద్రాసు సుప్రీంకోర్టు ఇంటర్‌ప్రెటరు కావడానికి ఎన్నో ఏళ్ళ ముందు, పన్నెండో ఏట బోర్డ్ ఆఫ్ ట్రేడ్ కార్యాలయంలో జీతం లేని వాలంటీరుగా చేరినవారే. అంటే ఆ రోజుల్లో అర్జీకీ వాకబుకీ మధ్య ఎడమే లేదు. కళ్ళెదుట కనబడుతూ ఉండటమే అర్జీ, కనబడటం మానకపోవడమే వాకబు. ‘నేనింకా ఇక్కడే ఉన్నాను’ అని రోజూ పొద్దున్నే ఒంటితో చెప్పుకోవడం.

ఇందులో మంచి లేకపోలేదని ఒక వాదన ఉంది. ఉమేదువారీ అనేది పని నేర్చుకునే బడి, పనికిరానివాడు అక్కడే తేలిపోతాడు, పరీక్ష రాసి వచ్చినవాడికన్నా రెండేళ్ళు దస్త్రాలు మోసినవాడికి పని బాగా తెలుస్తుంది. ఇందులో నిజముంది. ఆనాటి కచేరీ రాతకోతలు, మోడి లిపి లెక్కలు, భూమిశిస్తు చిక్కులు ఏ బళ్ళోనూ చెప్పేవి కావు. కానీ ఆ బడిలో చేరడానికి ఎవరికి వీలుండేదో చూడాలి. ఏడాదో రెండేళ్ళో జీతం లేకుండా గడపడానికి వెనక పొలమో మాన్యమో ఉండాలి. చిత్తూరులో తలదాచుకోవడానికి చుట్టాల ఇల్లుండాలి. అన్నిటికీ మించి, వచ్చి కూర్చోమని చాప చూపించే శిరస్తాదారు మేనమామో పెదనాన్నో అయి ఉండాలి. పనితనం లోపలికి వచ్చాకే కొలతకు వచ్చేది, లోపలికి రావడం చుట్టరికంతో తేలిపోయేది. కంపెనీ పెద్దలకే ఇది కనబడింది. 1850ల తొలి సగంలో మద్రాసు రెవెన్యూ బోర్డు కలెక్టర్లకు ఒక స్థాయీ ఉత్తరువు పంపింది. జిల్లాలోని ఉద్యోగాలు పలుకుబడి గల కొద్ది కుటుంబాల గుత్తసొత్తు కాకుండా చూసుకోవాలని, ముఖ్యమైన పదవులు వేర్వేరు కులాలకు పంచేలా ప్రయత్నించాలని దాని సారాంశం. మంచి ఉత్తరువే. అయితే దాన్ని అమలు చేశారో లేదో ఎవరికి చెప్పాలి? ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందుకే అది దాదాపు డెబ్బై ఏళ్ళు కాగితం మీద పడి ఉంది.

ఆ కాగితానికి ప్రాణం పోసిన ప్రభుత్వానికి నాయకుడు ఈ ప్రాంతపు మనిషి కావడం చెప్పుకోదగిన సంగతి. పానగల్లు రాజా అని పిలిచే పానుగంటి రామారాయణింగారు 1866లో కాళహస్తిలో పుట్టారు. 1921లో మద్రాసు రాజధానికి ప్రధానమంత్రి అయ్యారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన ప్రభుత్వం ఇచ్చిన మొదటి కమ్యూనల్ జీవో, రెవెన్యూ బోర్డు పాత ఉత్తరువును అన్ని శాఖలకూ వర్తింపజేసింది. ఆ జీవో అనగానే కులాల వాటాల గొడవే గుర్తొస్తుంది. దానిమీద నూరేళ్ళుగా రాస్తూనే ఉన్నారు. నా దృష్టిలో అందులో అంతకన్నా కీలకమైన వాక్యం వేరొకటుంది. కొత్తగా తీసుకున్నవారు ఏ వర్గం నుంచి ఎందరో శాఖాధిపతులు ఆరేసి నెలలకు ఒకసారి నివేదించాలన్నది ఆ వాక్యం. అప్పటిదాకా ఆఫీసు అడిగేది, అర్జీదారు చెప్పుకునేవాడు. మొదటిసారి ఆఫీసును అడిగేవారు వచ్చారు. ఎవరిని తీసుకున్నావో చెప్పు అన్నారు. ఎవరిని ఎందుకు తీసుకోలేదో చెప్పమనలేదు, అది ఆనాటికి ఎవరి ఊహకూ అందని మాట. అయినా బాధ్యత బల్లకు అటువైపు జరగడం అప్పుడే మొదలైంది.

తర్వాతి అడుగు 1929 నాటి మద్రాసు సర్వీస్ కమిషన్ చట్టం. దేశంలో ఒక రాష్ట్రం తనకంటూ ఏర్పాటు చేసుకున్న మొదటి సర్వీస్ కమిషన్ అదే. చిత్తూరు అప్పటికి వేరే జిల్లాగా ఏర్పడి పద్దెనిమిదేళ్ళయింది. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల ముక్కలు కలిపి దాన్ని చేశారు. కమిషన్ వచ్చాక ఉమేదువారీ కాలం చెల్లింది. ఎక్కడో మద్రాసులో కూర్చున్న సభ్యులకు చిత్తూరు కచేరీలో ఎవరు ఎన్నేళ్ళు నకళ్ళు రాశారో అక్కర్లేదు. ఇది పెద్ద న్యాయం, సందేహం లేదు. కానీ అదే చేత్తో ఒక తలుపు మూశారు. అభ్యర్థి ఏ రూపంలోనైనా పలుకుబడి వాడటానికి ప్రయత్నిస్తే అనర్హుడవుతాడన్న హెచ్చరిక కమిషన్ల ప్రకటనల్లో స్థిరపడింది, ఈనాటికీ కనబడుతుంది. పలుకుబడిని అడ్డుకోవడం సరైనదే. చిక్కల్లా ఎక్కడ వచ్చిందంటే, సిఫారసును నేరమన్న నిబంధన వాకబుకు మాత్రం ఏ దారీ చూపలేదు. నా దరఖాస్తు చేరిందా, లెక్కలోకి తీసుకున్నారా, తిరస్కరిస్తే దేనికి అని మర్యాదగా అడిగినవాడికి జవాబివ్వాలని ఏ నిబంధనా చెప్పలేదు. నోరెత్తితే పైరవీ అంటారేమోనన్న భయం ఉన్నవాడు ఊరుకున్నాడు. లోపల మనిషున్నవాడు నోరెత్తకుండానే తెలుసుకున్నాడు. తెలుసుకోవడమే ఒక వరమైనచోట, తెలిసినవాడి దగ్గరికి తెలియనివాడు డబ్బు పట్టుకుని రావడం ఎంతసేపు?

ఈ వ్యవహారంలో దూరం పాత్రను చరిత్రకారులు పట్టించుకున్నట్టు లేదు. చిత్తూరు జిల్లావాసికి కాగితం ఏమైందో అడగడానికి వెళ్ళాల్సిన ఊరు నూరేళ్ళలో మూడుసార్లు మారింది. మొదట మద్రాసు, చిత్తూరు నుంచి 150 కిలోమీటర్లు. రైలుంది, అక్కడ చుట్టాలున్నారు, అరవం వచ్చు, పొద్దున పోతే పని చూసుకుని మర్నాటికి ఇల్లు చేరొచ్చు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయింది, దూరం మూడు వందలు దాటింది. ఆంధ్ర ప్రాంతానికి సర్వీస్ కమిషన్ కూడా వేరయింది. మూడేళ్ళకే హైదరాబాదు, తిరుపతి నుంచి దాదాపు 550. రాష్ట్రం విడిపోయాక విజయవాడ, అమరావతి వైపు, దాదాపు 400. సొంత రాష్ట్రం కావాలన్న కోరిక తప్పని నేననను. కానీ ఆ సంబరంలో ఎవరూ లెక్కవేయని ఖర్చొకటుంది. మద్రాసుకు పోయి స్వయంగా వాకబు చేసుకునే పేదింటి పిల్లవాడికి హైదరాబాదు అందని ఊరైంది. పోలేనివాడు పోగలిగినవాడి మీద ఆధారపడ్డాడు. ఎమ్మెల్యే వెంట తిరిగేవాడు, సచివాలయంలో తెలిసినవాళ్ళున్నారని చెప్పుకునేవాడు, ఈ మధ్యవర్తులు పెరగడానికి జనం నీతి దిగజారడం ఎంత కారణమో, బస్సు చార్జీ అంతే కారణం.

పోలేనివాడికి మిగిలింది తపాలా. రిజిస్టర్డ్ పోస్టులో దరఖాస్తు పంపి, వెనక అంటించిన పసుపుపచ్చ అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మీద అవతలి గుమాస్తా సంతకం పడి తిరిగొస్తే దాన్ని సర్టిఫికెట్లతోపాటు దాచుకోవడం, అంత ఖర్చు పెట్టలేనివారు సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ మీద ముద్ర వేయించుకోవడం, సొంత చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు దరఖాస్తులో పెట్టి పంపడం రెండు మూడు తరాలకు అలవాటు. ఆ ఖాళీ కవరును కాస్త ఆలోచించి చూడాలి. ఆఫీసు జవాబు రాయడానికయ్యే ఖర్చును కూడా అర్జీదారే ముందుగా చెల్లిస్తున్నాడు. అంతా చేసినా పసుపుపచ్చ కార్డు చెప్పేది ఒక్కటే, కాగితం చేరిందని. చేరిన తర్వాత ఏమైందో చెప్పే కార్డు తపాలా శాఖ దగ్గర లేదు. సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్‌ను 2011లో ఎత్తేశారు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు.

ప్రభుత్వం ఈ లోటు గమనించలేదనలేం. 1945లో, యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకు పని చూపడానికి ఉద్యోగ కల్పనా కార్యాలయాలు పెట్టారు. 1948లో వాటి తలుపులు అందరికీ తెరిచారు. 1959లో ఖాళీలను తప్పనిసరిగా తెలపాలన్న చట్టం చేసి 1960 మే 1 నుంచి అమలు చేశారు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి అని జనం పిలిచే ఈ కార్యాలయం వెనకున్న ఊహ గొప్పది. నిరుద్యోగి ఇరవై ఆఫీసుల గడపలు తొక్కనక్కర్లేదు, ఒకచోట పేరు రాయించుకుంటే ఖాళీయే అతన్ని వెతుక్కుంటూ వస్తుంది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలై, డిగ్రీ చదివిన పల్లెటూరి పిల్లలు ఏటేటా పెరుగుతున్న కాలంలో ఈ ఊహ ఎంత ఆశ పెట్టి ఉంటుందో అర్థం చేసుకోవచ్చు. కానీ అమలులో అది తలకిందులైంది. పేరు రాయించుకున్నవాడు కార్డును గడువులోపల రెన్యూవల్ చేయించుకోవాలి. ఒక్కసారి మరిచిపోతే ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న సీనియారిటీ పోతుంది. అంటే వాకబు చేయడం ఇప్పుడు అభ్యర్థి ఇష్టం కాదు, విధి. కుప్పం నుంచి చిత్తూరుకు వంద కిలోమీటర్ల పైన వచ్చి, నాకింకా ఉద్యోగం రాలేదు అని అతనే ప్రభుత్వానికి గుర్తుచేస్తూ ఉండాలి. గుర్తుచేయకపోతే శిక్ష అతనికే. ఇంటర్వ్యూకు పేర్లు పంపేటప్పుడు నీ పేరు ఎందుకు వెళ్ళలేదో చెప్పే ఏర్పాటు మాత్రం లేదు. ఉమేదువారు చాప మీద కూర్చునేవాడు. కార్డుదారు వరసలో నిలబడ్డాడు.

దీనిమీద న్యాయస్థానాలకు ఎక్కినవారిలో తెలుగువారున్నారు. కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల మీద వచ్చిన వ్యాజ్యంలో 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టుకోకుండా పత్రికల్లో ప్రకటించాలని, నోటీసు బోర్డులు, రేడియో, టీవీల ద్వారా కూడా తెలియజేసి వచ్చినవారందరినీ పరిశీలించాలని ఆ తీర్పు సారాంశం. అంతకుముందు 1991లో శంకర్సన్ దాస్ కేసులో, ఎంపిక జాబితాలో పేరున్నంత మాత్రాన ఉద్యోగం హక్కుగా రాదని, అయితే ప్రభుత్వం ఇష్టం వచ్చినట్టు ఖాళీలను వదిలేయడానికీ వీల్లేదని చెప్పింది. రెండోదాన్ని చూపించి కొందరు నా వాదనకు అడ్డు చెప్పవచ్చు. ఉద్యోగమే హక్కు కానప్పుడు దాని గురించి జవాబు ఎలా హక్కవుతుందని అడగవచ్చు. ఈ రెండూ వేరు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఆ పిల్లనే చేసుకోవాలని ఎవరూ అనరు. కానీ చూసి వెళ్ళి ఏ కబురూ చెయ్యకపోతే ఊరు ఊరుకోదు. మా వల్ల కాదు అని చెప్పడానికి కూడా ఒక మర్యాద ఉంది, ఆ మర్యాద వల్లే పిల్ల తండ్రి ఇంకో సంబంధం చూసుకోగలడు. ఇవ్వనని చెప్పే స్వేచ్ఛ యజమానికి ఉండాలి. చెప్పకుండా ఉండే స్వేచ్ఛ ఎందుకుండాలో ఆ తీర్పులో ఎక్కడా లేదు.

ఆ కబురు రాకపోతే ఎంతదాకా పోతుందో చూడాలంటే 1998 డీఎస్సీ చాలు. ఉపాధ్యాయ పదవులకు ఆ ఏడాది పరీక్ష రాసి, అర్హులమయ్యామని నమ్మి, నియామకాల్లో వచ్చిన వివాదాల వల్ల బయట మిగిలిపోయినవారు రాష్ట్రమంతటా ఉన్నారు. వాళ్ళు వదల్లేదు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా వినతిపత్రం ఇచ్చారు, కోర్టులకు వెళ్ళారు, మంత్రులు ఊరికి వచ్చినప్పుడల్లా ఎదురు నిలిచారు. 2022 జూన్‌లో ప్రభుత్వం వారికి ఉద్యోగాలిస్తామని ఒప్పుకుంది. తర్వాతి ఏడాది మినిమమ్ టైమ్ స్కేలు మీద, కాంట్రాక్టు పద్ధతిలో తీసుకున్నారు. అప్పటికి చాలామంది యాభై దాటారు, కొందరికి బడిలో మిగిలిన ఏళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. పట్టుదల చివరికి ఫలించిందని దీన్ని చెప్పుకోవచ్చు, చాలామంది అలాగే చెప్పారు. నాకలా తోచదు. పాతికేళ్ళకు దగ్గరగా సాగిన ఈ వాకబులో ఒక మనిషి పాఠం చెప్పగల వయసంతా ఖర్చయిపోయింది. మొదటి ఏడాదే లేదని తేల్చి చెప్పి ఉంటే ఎందరు వేరే దారి పట్టేవారో.

తిరుపతిలో ఈ సమస్యకు ఇంకొక పొర ఉంది. 1933లో మహంతుల కాలం ముగిసి దేవస్థానం కమిటీ పాలన వచ్చాక, టీటీడీ ఈ ప్రాంతంలో పెద్ద యజమాని అయింది. స్వామి కొలువులో చేరాలన్న కోరికలో జీతంతోపాటు భక్తి కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఆ ఆశ తొందరగా చావదు. పైగా ఈ ఊళ్ళో సిఫారసు లేఖ అనేది దాచుకోవలసిన వస్తువు కాదు. ప్రజాప్రతినిధుల లేఖల మీద బ్రేక్ దర్శనం ఇవ్వడం బహిరంగంగా సాగే పద్ధతి. దర్శనానికి పనికొచ్చే లేఖ ఉద్యోగానికి ఎందుకు పనికిరాదని సామాన్యుడు అనుకుంటే అతన్ని తప్పుపట్టలేం. ఆ అనుకోవడం మీదే దళారులు బతుకుతున్నారు. ఉద్యోగాలిప్పిస్తామని చెప్పేవారిని నమ్మవద్దని దేవస్థానం పలుమార్లు ప్రకటనలిచ్చింది, కేసులు పెట్టింది. అవసరమే. అయితే దళారిని నమ్మినవాడి ఆశపోతుతనం కన్నా ముందు చూడవలసింది మరొకటుంది. దళారి అమ్మేది ఉద్యోగం కాదు, ఉద్యోగం అతని చేతిలో లేదు. ‘నీ ఫైలు ఫలానా టేబులు మీదికి వచ్చింది, వచ్చే నెల కదులుతుంది’ అన్న కబురు అమ్ముతాడు. అబద్ధమే కావచ్చు. కానీ అది జవాబులా వినిపిస్తుంది, అసలు జవాబు ఎక్కడా దొరకనివాడికి అంతే చాలు.

2005 అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి రావడాన్ని ఈ చరిత్రలో పెద్ద మలుపుగా చూస్తాను. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు, జవాబివ్వని అధికారికి జరిమానా. ఉమేదువారి కాలం నుంచి మొదటిసారి, నా కాగితం ఏమైందన్న ప్రశ్నకు చట్టంలో చోటు దొరికింది, అదీ ఆఫీసు మీద గడువు పెట్టి. 2011లో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు, పరీక్ష రాసినవాడికి దిద్దిన తన జవాబుపత్రం చూసుకునే హక్కుందని చెప్పింది. సివిల్స్ పరీక్ష విషయంలో 2018లో ఆ హక్కుకు కొన్ని హద్దులు పెట్టింది కూడా. హద్దులున్నా సరే, పల్లెలో కూర్చున్న అభ్యర్థి ఎవరి చేతా చెప్పించకుండా, ఏ ఊరికీ పోకుండా, తపాలాలో వేసిన తెల్లకాగితంతో వాకబు చేయగలిగాడు. పైరవీకి విరుగుడు వాకబును మాన్పించడం కాదని, దాన్ని అందరికీ సమానంగా అందించడమని దీన్ని చూస్తే తెలుస్తుంది.

లక్షల్లో దరఖాస్తులు వస్తే అందరికీ జవాబెలా చెబుతారని అడిగేవారికి 2019 ఒక సమాధానం. గ్రామ, వార్డు సచివాలయాల్లో 1.26 లక్షలకు పైగా పోస్టులకు జూలై చివర ప్రకటన వచ్చింది. ఇరవై లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. సెప్టెంబరు మొదటివారంలో పరీక్షలు, 19వ తేదీన ఫలితాలు, అక్టోబరు 2న కొలువు. ఆ పరీక్షల మీద వచ్చిన ఆరోపణలు వేరే చర్చ. నేను చెప్పేది ఒక్కటే. పరీక్ష రాసిన ప్రతి ఒక్కరూ రెండు నెలల్లో తమ మార్కులు తెలుసుకున్నారు, రానివారు రాలేదని తెలుసుకుని తమ దారి చూసుకున్నారు. సంఖ్య అడ్డు కాలేదు. చెప్పాలన్న నిర్ణయం ఉంటే చెప్పే సాధనాలు ఉన్నాయి.

ఇక్కడిదాకా చెప్పినదంతా సర్కారు కొలువుల సంగతి. ఇప్పుడు ఈ ప్రాంతపు యువతలో ఎక్కువమంది కాగితం పెడుతున్నది ప్రైవేటు గేటు ముందు. 1985లో మొదలైన అమరరాజా తిరుపతి పక్కన కరకంబాడి దగ్గర పెద్ద కర్మాగారాలు పెట్టింది. 2008లో ప్రారంభమైన శ్రీసిటీ సత్యవేడు, తడ ప్రాంతాల్లో మొబైళ్ళు, కార్లు, చాక్లెట్లు తయారుచేసే కంపెనీలను తెచ్చింది. ఇక్కడి దరఖాస్తులు పోర్టల్లోనో, ఏజెన్సీ మనిషి వాట్సాప్‌లోనో వేస్తున్నారు. సమాచార హక్కు ఈ గేటు దాటి లోపలికి రాదు. వారం ఆగి మెయిల్ పెట్టు, మర్యాదగా గుర్తుచెయ్యి, మరీ విసిగించకు అని యువతకు సలహాలు చెబుతున్నారు. అడగందే అమ్మైనా పెట్టదని సామెత ఉండనే ఉంది. అడిగేవాడిలో చొరవ కనబడుతుంది, చొరవ ఉన్నవాణ్ణి తీసుకోవడం యజమాని హక్కు అనే మాటనూ కొట్టిపారేయలేం. అమ్మకాల ఉద్యోగానికి అది నిజమైన పరీక్షే కావచ్చు. కానీ యంత్రం ముందు నిలబడి నాణ్యత చూసే పనికి, లెక్కలు రాసే పనికి, తరుముకుంటూ అడగగల నేర్పుతో ఏం సంబంధం? ఆ నేర్పు ఇంగ్లీషు మెయిల్ తడబడకుండా రాయగలవారికి, ఇంట్లో ముందుతరంవాళ్ళు ఆఫీసుల్లో పనిచేసినవారికి సులువుగా వస్తుంది. వి.కోట, బైరెడ్డిపల్లె వైపు నుంచి మొదటితరంగా చదివి వచ్చిన పిల్లకు రాదు. చిత్తూరు కచేరీలో చాప ఎవరికి దొరికిందన్నది మళ్ళీ అదే ప్రశ్న. సామెత సంగతికొస్తే, అడిగిన బిడ్డకు పెట్టకపోయినా లేదని చెప్పని అమ్మను ఏ సామెతా ఎరగదు.

ప్రైవేటు యజమానిని జవాబు చెప్పమనడం అత్యాశేమీ కాదు. మన పిల్లలెందరో స్థిరపడిన కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2026 జనవరి 1 నుంచి ఒక నియమం పెట్టింది. ఇరవై అయిదుమంది, ఆ పైన పనిచేసే సంస్థలు, ఇంటర్వ్యూ చేసిన అభ్యర్థికి నియామకం మీద నిర్ణయం తీసుకున్నదీ లేనిదీ 45 రోజుల్లో తెలపాలి. దరఖాస్తు పెట్టిన అందరికీ కాదు, ఇంటర్వ్యూదాకా వచ్చినవారికే. చిన్న నియమం, కానీ గడువు ఆఫీసు మీద ఉంది. మన రాష్ట్రంలోనూ పరిశ్రమలను లెక్క అడిగే చట్టం లేకపోలేదు. పరిశ్రమల ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకివ్వాలన్న 2019 చట్టం ప్రకారం, స్థానికులను ఎందరిని తీసుకున్నారో కంపెనీలు మూడేసి నెలలకు ఒకసారి నివేదించాలి. 1921లో పానగల్లు రాజా ప్రభుత్వం శాఖాధిపతులను ఆరేసి నెలలకు అడిగిన ప్రశ్నే దాదాపుగా ఇది. నూరేళ్ళలో నివేదిక ఆరు నెలల నుంచి మూడు నెలలకు వచ్చింది. అందులో ఉద్యోగం వచ్చినవారి లెక్క ఉంటుంది. కాగితం పెట్టి, ఇంటర్వ్యూకు వెళ్ళి, ఏ కబురూ రాక ఎదురుచూస్తున్నవారికి ఆ నివేదికలో ఇంకా గడి లేదు.